పాటను పంచే పెట్టె

మనిషి చెవికి అందే శబ్దాలు సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలై 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగుతాయి. గాలిలో మొదటిదాని తరంగం పొడవు 17 మీటర్లు, చివరిదానిది 1.7 సెంటీమీటర్లు. ఇంత తేడా ఉన్న తరంగాలను ఒక్క కోన్ సమానంగా పలికించలేదు. బరువైన నాదం పుట్టాలంటే కోన్ వెడల్పుగా ఉండి ముందుకూ వెనక్కూ బాగా కదలాలి. సన్నని నాదానికి అది చిన్నదిగా, తేలికగా ఉండి సెకనుకు వేలసార్లు కంపించాలి. ఈ రెండు గుణాలూ ఒకచోట ఇమడవు. అందుకే డప్పుకూ మృదంగానికీ వూఫర్, తాళాల గలగలకూ ‘స’, ‘ష’ అక్షరాల ఊపిరికీ ట్వీటర్ అని పని విభజన జరిగింది. వచ్చిన సిగ్నల్‌ను విడదీసి ఎవరి వాటా వారికి అందించే సర్క్యూట్ క్రాసోవర్.

కొట్లో కొనే స్పీకర్లలో చాలావాటికి ఈ క్రాసోవర్ పెట్టె లోపలే, యాంప్లిఫయర్ తర్వాత ఉంటుంది. రాగి కాయిళ్లు, పెద్ద కండెన్సర్లు, ఒకటి రెండు రెసిస్టెన్సులు, అంతే. దీనికి వేరే కరెంటు అక్కర్లేదు, చవక, పాడయ్యేదీ తక్కువ. చిక్కల్లా యాంప్లిఫయర్ ఇచ్చే వాట్లన్నీ దాని గుండానే పోవాలి. 8 ఓమ్‌ల డ్రైవర్లను (వూఫర్, ట్వీటర్ యూనిట్లను) 300 హెర్ట్జ్ దగ్గర విడదీయాలంటే అతి సాదా పద్ధతిలో కూడా 4.2 మిల్లీహెన్రీల కాయిల్, 66 మైక్రోఫారడ్‌ల కండెన్సర్ కావాలి. 80 హెర్ట్జ్‌కు దిగితే అవి 16 మిల్లీహెన్రీలు, 250 మైక్రోఫారడ్‌లు అవుతాయి. అంత కాయిల్‌కు బోలెడంత తీగ చుట్టాలి, ఆ తీగలో కొంత పవర్ వేడిగా పోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. 8 ఓమ్‌లని వెనక అచ్చు వేసిన డ్రైవర్ 8 ఓమ్‌ల దగ్గర నిలబడదు. తన సహజ కంపన స్థానంలో 30, 40 ఓమ్‌లకు ఎగబాకుతుంది, తర్వాత దిగుతుంది, పైకి పోయేకొద్దీ వాయిస్ కాయిల్ వల్ల మళ్లీ పెరుగుతుంది. దాంతో లెక్కగట్టిన ఫిల్టర్ ఒక తీరుగా, పనిచేసే ఫిల్టర్ మరో తీరుగా తయారవుతాయి.

పంపకాన్ని యాంప్లిఫయర్‌కు ముందే ముగించడం రెండో పద్ధతి. ఫోనో సీడీ ప్లేయరో ఇచ్చే సిగ్నల్ ఇంకా ఒకటి రెండు వోల్టుల్లో ఉండగానే చిన్న ఐసీలతో విడగొట్టి, వూఫర్ వాటాను ఒక యాంప్లిఫయర్‌కూ ట్వీటర్ వాటాను మరో యాంప్లిఫయర్‌కూ పంపుతారు. ఇది యాక్టివ్ క్రాసోవర్. ఇక్కడ ఫిల్టర్‌కు ఎదురయ్యేది యాంప్లిఫయర్ ఇన్‌పుట్ మాత్రమే. అది ఏ ఫ్రీక్వెన్సీలోనైనా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కాగితం మీది లెక్క బోర్డు మీద కూడా నిలుస్తుంది. మైక్రోఫారడ్‌లు పోయి నానోఫారడ్‌లు వస్తాయి, కాయిళ్ల అవసరమే ఉండదు. ట్వీటర్ మోత ఎక్కువైతే రెసిస్టెన్స్ పెట్టి వాట్లను కాల్చనక్కర్లేదు, ఒక పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టెన్స్) తిప్పితే సరిపోతుంది.

ఇందుకు చెల్లించే ధర, స్టీరియోకు రెండు యాంప్లిఫయర్ల బదులు నాలుగు పెట్టుకోవడం. ఒకప్పుడు అది భారమే. టీడీఏ2030, 4440 ఐసీల బోర్డులు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆ మాట చెల్లలేదు. తెలుగు ఊళ్లలో మెకానిక్కులు అసెంబుల్డ్ సెట్లు కట్టిన రోజుల నుంచీ 4558 ఐసీతో చేసిన బేస్-ట్రెబుల్ బోర్డు అందరికీ తెలిసిందే. 2.1 సెట్లలో సబ్‌వూఫర్‌కు సిగ్నల్ ఇచ్చే చిన్న ఫిల్టర్ బోర్డు కూడా ఆ కుటుంబానిదే. పెళ్లి ఊరేగింపుల డీజే సెట్ల ర్యాకుల్లో యాంప్లిఫయర్లకు ముందు కనిపించే క్రాసోవర్ పెట్టె ఇంకాస్త పెద్ద బంధువు. అయితే దుకాణంలో దొరికే రెడీమేడ్ బోర్డు తయారుచేసినవారికి దాన్ని ఏ వూఫర్‌కు తగిలిస్తారో, ఆ పెట్టె కొలతలేమిటో తెలియదు. ఫలానా స్పీకర్‌కు ఫలానా దిద్దుబాటు అని లెక్కగట్టుకోవడమే ఇంట్లో కట్టుకోవడంలోని అసలు లాభం. డబ్బు ఆదా ఆ తర్వాతి సంగతి, చాలాసార్లు ఆదా కాదు కూడా.

అర్ధశతాబ్దపు లెక్క

ఈ క్రాసోవర్ పెట్టెలో ఉన్న విజ్ఞానం కొత్తది కాదు. 1927లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్, యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తలకిందులు చేసి ఇన్‌పుట్‌కు తిరిగి ఇస్తే దాని వంకరలు తగ్గిపోతాయని కనిపెట్టాడు. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అనే ఆ సూత్రం లేకుండా, యాక్టివ్ క్రాసోవర్లలో వాడే నేటి ఆప్-ఆంప్ ఐసీ లేదు. 1930లో బ్రిటన్‌కు చెందిన స్టీఫెన్ బటర్‌వర్త్, తన పరిధిలో ఎగుడుదిగుడులు లేకుండా సాఫీగా ఉండి, పరిధి దాటగానే దిగిపోయే ఫిల్టర్‌కు గణితం రాశాడు. 1955లో అమెరికాలోని ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో పనిచేసే సాలెన్, కీ అనే ఇద్దరు, కాయిల్ అన్నది లేకుండా ఒక యాంప్లిఫయర్, రెండు రెసిస్టెన్సులు, రెండు కండెన్సర్లతో అదే ఫిల్టర్‌ను కట్టే మార్గం చూపారు. ఇంటి క్రాసోవర్లలో నేటికీ ఎక్కువగా కనిపించేది వారి సర్క్యూటే.

స్పీకర్ల విషయంలో అసలు మలుపు 1976లో వచ్చింది. జర్మనీలో పుట్టి, కాలిఫోర్నియాలో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీలో కొలత పరికరాలు రూపొందించే ఉద్యోగం చేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్‌కు స్పీకర్లు కట్టడం వ్యాపకం. సహోద్యోగి రస్ రైలీతో కలిసి ఆలోచించిన సంగతిని ఆ ఏడాది ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఆయన ప్రచురించాడు. వూఫర్, ట్వీటర్ ఒకే చోట ఉండవు, ఒకదాని మీద ఒకటి ఉంటాయి; పంపకం జరిగే ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ కలిసి పలుకుతాయి. అప్పటికి వాడుకలో ఉన్న చాలా ఫిల్టర్లలో ఆ చోట రెండు డ్రైవర్ల కదలికల మధ్య (ఫేజ్‌లో) పావు చుట్టు తేడా ఉండేది. ఫలితంగా ధ్వని సూటిగా ముందుకు రాకుండా కిందికో పైకో వాలేది. కూర్చున్నవారికి ఒకలా, నిలబడ్డవారికి ఒకలా వినిపించేది.

లింక్‌విట్జ్, రైలీ చెప్పిన మందు చాలా తేలిక. బటర్‌వర్త్ ఫిల్టర్లు రెండింటిని ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. ఒక్కో ఫిల్టర్ పంపకం చోట 3 డెసిబెల్స్ తగ్గిస్తుంది, రెండూ కలిసి 6. 6 డెసిబెల్స్ తగ్గడమంటే వోల్టేజీ సగమవడం. వూఫర్ నుంచి సగం, ట్వీటర్ నుంచి సగం, రెండూ కాడికి కట్టిన ఎడ్లలా ఒకే అడుగు వేస్తాయి కాబట్టి కలిస్తే సరిగ్గా ఒకటి. వాలు ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే లేదా సగమయ్యే ప్రతిసారీ, 24 డెసిబెల్స్. పంపకం 2,000 హెర్ట్జ్ దగ్గరైతే 1,000 హెర్ట్జ్ సిగ్నల్ ట్వీటర్‌కు చేరేసరికి వోల్టేజీలో పదిహేడో వంతు మిగులుతుంది. సున్నితమైన ట్వీటర్ కాలిపోకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి రక్ష లేదు.

ఈ ఫిల్టర్‌కూ ఒక లోపం చెబుతారు. రెండు వాటాలూ కలిసినప్పుడు బలం సమంగానే ఉంటుంది గానీ, కింది శబ్దాల నుంచి పై శబ్దాలకు పోయేసరికి ఫేజ్ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. మామూలు సంగీతంలో ఈ తిరుగుడును పట్టుకునే చెవులు అరుదు. స్పీకర్ ప్రియుల వాదాలు మాత్రం దీని చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి.

రెండే విలువలతో ఒక క్రాసోవర్

సాలెన్-కీ సర్క్యూట్‌లో బటర్‌వర్త్ వాలుకు సూత్రం ఒక్క వరుసలో అయిపోతుంది: 0.1125ను రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల లబ్ధంతో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 10 నానోఫారడ్‌ల కండెన్సర్ తీసుకుని 2,000 హెర్ట్జ్ కావాలనుకుంటే రెసిస్టెన్స్ 5.63 కిలో ఓమ్‌లు రావాలి. బజారులో ఎక్కడైనా దొరికే 5.6 కిలో ఓమ్‌లు పెడితే పంపకం 2,010 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆ పది హెర్ట్జ్ తేడాను ఏ చెవీ కనిపెట్టదు.

కింది శబ్దాలను వూఫర్‌కు పంపే దశలో రెండు 5.6 కిలో ఓమ్‌లు వరసగా వస్తాయి. వాటి మధ్య నుంచి ఐసీ అవుట్‌పుట్‌కు పోయే కండెన్సర్, రెండో రెసిస్టెన్స్ తర్వాత గ్రౌండ్‌కు దిగే కండెన్సర్‌కు రెట్టింపు ఉండాలి. 20 నానోఫారడ్‌లది వెతకనక్కర్లేదు, రెండు పదులను పక్కపక్కన కలిపి టంకం వేస్తే చాలు. పై శబ్దాలను ట్వీటర్‌కు పంపే దశలో పాత్రలు తారుమారవుతాయి. రెండు కండెన్సర్లూ సమానం. వాటి మధ్య నుంచి అవుట్‌పుట్‌కు పోయే రెసిస్టెన్స్ 5.6 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కు పోయేది దానికి రెట్టింపు, అంటే రెండు 5.6లు ఒకదాని వెనక ఒకటి. ఇలాంటి దశలు వూఫర్ వైపు రెండు, ట్వీటర్ వైపు రెండు. ఒక చానల్‌కు పది రెసిస్టెన్సులు, పది కండెన్సర్లు. స్టీరియోకు ఇరవై, ఇరవై. అన్నీ ఒకే విలువవి. ప్రతి చానల్ మొదట్లో, ఇన్‌పుట్ పరికరం మీద భారం పడకుండా ఒక బఫర్ పెడతారు. దాంతో కలిపి పది ఆప్-ఆంప్‌లు, అంటే జంట ఆప్-ఆంప్ ఐసీలు ఐదు.

ఒకే విలువ వాడటంలో ఇంకో సౌకర్యం ఉంది. కండెన్సర్లు సాధారణంగా 5 శాతం అటూఇటూగా వస్తాయి. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే, అవసరానికి రెట్టింపు కొని, కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని కుడి ఎడమలకు సమంగా పంచవచ్చు. పంపకం 2,000 దగ్గర జరగాల్సింది 2,050 దగ్గర జరిగితే నష్టమేమీ లేదు. కుడి పెట్టె ఒకచోట, ఎడమ పెట్టె ఇంకోచోట విడదీస్తే మాత్రం గాయకుడి గొంతు మధ్యలో నిలబడదు.

కండెన్సర్ రకం ముఖ్యం. ‘103’ అని అచ్చు ఉన్నవన్నీ 10 నానోఫారడ్‌లే గానీ, చవక సిరామిక్ బిళ్లల్లో చాలావాటి విలువ వాటి మీద పడే వోల్టేజీని బట్టి మారుతుంది. ఆ మార్పు నేరుగా వక్రీకరణగా వినబడుతుంది. ఫిల్టర్‌లో పాలియెస్టర్ గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడాలి. రెసిస్టెన్సులు 1 శాతం మెటల్ ఫిల్మ్‌వి, 5.6 కిలో ఓమ్‌కు రంగులు ఆకుపచ్చ, నీలం, నలుపు, గోధుమ, గోధుమ. వీటిని దాటి వెండి తీగల కండెన్సర్లకు, నూనెలో నానబెట్టిన ప్రత్యేక సరుకుకు డబ్బు పోయడం వల్ల కొలతకు అందే ప్రయోజనం కనబడదు. ఆ డబ్బు ట్రాన్స్‌ఫార్మర్‌కో మైకుకో పెడితే సద్వినియోగమవుతుంది.

మూడు డ్రైవర్ల పెట్టెకు ఇంకో పంపకం కావాలి. అదే 5.6 కిలో ఓమ్ ఉంచి కండెన్సర్‌ను 68 నానోఫారడ్‌లు చేస్తే అది 295 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మొదట్లో చెప్పిన 4.2 మిల్లీహెన్రీల కాయిల్ చేసే పనిని, ఇంకా నిటారైన వాలుతో, గింజంత భాగాలు చేస్తాయి.

ఏ ఐసీ?

పాఠ్యపుస్తకాల్లో పరిచయమయ్యే 741 ఐసీ 1968 నాటిది. దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టు కన్నా వేగంగా కదలలేదు. 20,000 హెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల శిఖరం రావాలంటే మైక్రోసెకనుకు 1.26 వోల్టుల వేగం కావాలి. అందుకే ఆడియోకు అది పనికిరాదు. టీఎల్072కు ఆ వేగం 13, ఎన్ఈ5532కు 9. వేగంలో రెండూ నిశ్చింతే. నాయిస్‌లో తేడా ఉంది: టీఎల్072 దాదాపు 18 నానోవోల్టుల స్థాయి, 5532 దాదాపు 5. ఇళ్లలో వాడే సాధారణ ట్వీటర్లతో టీఎల్072 బుసను వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. హారన్ యూనిట్ల వంటి గట్టి డ్రైవర్లతో అది గదిలోకి వినిపిస్తుంది, అక్కడ 5532 తప్పదు. బ్రిటన్ ఇంజినీరు డగ్లస్ సెల్ఫ్ 2011లో యాక్టివ్ క్రాసోవర్ల మీదే ఒక పెద్ద పుస్తకం రాశాడు. కారుచవకగా దొరికే ఈ 5532ను సరిగా వాడుకుంటే ఎంత దూరం పోవచ్చో చూపించినవారిలో ఆయన ముఖ్యుడు.

ఐసీ మార్చి చూస్తే ధ్వని మారుతుందన్న నమ్మకం బలంగా ఉంది. మారేది చాలాసార్లు వేరే కారణంతో. ఎల్ఎం4562 లాంటి చాలా వేగమైన ఐసీని, తీగలు పొడుగ్గా సాగిన బోర్డులో గుచ్చితే, చెవికి అందని ఫ్రీక్వెన్సీలో అది తనంతట తాను మోగడం మొదలుపెడుతుంది. ఐసీ వేడెక్కుతుంది, పాట గరగరమంటుంది. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ప్రతి ఐసీ పవర్ కాళ్ల పక్కనే ఒక 100 నానోఫారడ్ కండెన్సర్, బయటికి పోయే ప్రతి అవుట్‌పుట్‌లో 100 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండాలి. సిరామిక్ కండెన్సర్‌కు ఇక్కడ మాత్రం పెద్దపీట. ఇంకో జాగ్రత్త, నకిలీ సరుకు. చవక ఐసీ మీద ఖరీదైన నంబరు అచ్చు వేసి అమ్మడం ఈ బజారులో పాత విద్యే.

కరెంటు, ఎర్తు

ఆప్-ఆంప్‌లకు ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు ఇస్తారు. అప్పుడు అవుట్‌పుట్ సుమారు 9 వోల్టుల ఆర్ఎంఎస్ వరకు పోగలదు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా ఇచ్చేది 2 వోల్టులు కాబట్టి 13 డెసిబెల్స్ వెసులుబాటు మిగులుతుంది. 7815, 7915 రెగ్యులేటర్లు ఈ పని సులభంగా చేస్తాయి. ఒకేలా కనిపించే ఈ రెండింటి కాళ్ల వరస మాత్రం ఒకటి కాదు. 7815కు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7915కు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. 7915 వీపు రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది, దాన్ని పెట్టె రేకుకు నేరుగా బిగిస్తే షార్టే.

సర్క్యూట్ పుస్తకాలు 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ చాలంటాయి. అవి 230 వోల్టులు నిలకడగా వచ్చే చోట రాసినవి. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ డయోడ్ల తర్వాత 20 వోల్టులు ఇస్తుంది, రెగ్యులేటర్‌కు కావలసింది కనీసం 17. లైన్ వోల్టేజీ 180కి పడిపోయే ఊళ్లో అది 16 కన్నా తక్కువ ఇస్తుంది. రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, గుర్రుమనే శబ్దం పాటలోకి వస్తుంది. 18-0-18 పెడితే 180 దగ్గర కూడా 19 వోల్టులుంటాయి, 260కి ఎగిసినా 28 దాటదు. రెగ్యులేటర్ తట్టుకునే హద్దు 35. తేలిక లోడు మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చెప్పిన దానికన్నా కొంచెం ఎక్కువే ఇస్తుంది కాబట్టి ఫిల్టర్ కండెన్సర్లు 50 వోల్టులవి వేసుకోవాలి. ఐదు 5532లు కలిసి తాగేది 40 మిల్లీయాంపియర్లే, రెగ్యులేటర్లు గోరువెచ్చగా ఉంటాయి.

కట్టినవారిని అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది హమ్. దాని శ్రుతిని బట్టే మూలం కొంత తెలుస్తుంది. గుండ్రంగా, లోతుగా 50 హెర్ట్జ్ వినిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రమో, రెండు పరికరాల ఎర్తుల మధ్య ఏర్పడిన లూపో కారణం. కాస్త కరకుగా 100 హెర్ట్జ్ వినిపిస్తే పవర్ సప్లై వైరింగులో తప్పు వెతకాలి. ఫిల్టర్ కండెన్సర్లకు పోయే చార్జింగ్ కరెంటు, సిగ్నల్ గ్రౌండ్ ఒకే తీగను పంచుకోకూడదు. బోర్డుల గ్రౌండ్లన్నీ ఒక్కచోట కలవాలి, అక్కడి నుంచి ఒక్క తీగ రేకు పెట్టెకు పోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ సాకెట్లకు వీలైనంత దూరంలో పెట్టాలి. వేరే పెట్టెలో పెడితే ఇంకా మేలు.

హమ్ పోవడం లేదని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. హమ్ తగ్గుతుంది, నిజమే. ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున పెట్టె రేకుకు 230 వోల్టులు వస్తాయి, ఫ్యూజు పోదు. ఎర్త్ తీగ రేకుకు బిగించి ఉండటం, మెయిన్స్ వైపు ఫ్యూజు ఉండటం, 230 వోల్టుల టంకాలన్నిటి మీదా స్లీవు ఉండటం, ఈ మూడింటిలో రాజీ పనికిరాదు. లూప్‌ను తెంచాల్సింది సిగ్నల్ వైపు. అందుకు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉంది: ఒక ఆప్-ఆంప్, నాలుగు సమాన రెసిస్టెన్సులు. అవి 1 శాతంవైతే మరీ అధ్వాన స్థితిలో కూడా హమ్ 34 డెసిబెల్స్ తగ్గుతుంది. కొలిచి జతపరిస్తే ఇంకా బాగా పోతుంది.

పెట్టె చేసే తప్పులు

పంపకం ఒక్కటే అయితే ఈ పనిలో ఇంత రుచి ఉండదు. చిన్న సిగ్నల్ దశలో ఉండగా స్పీకర్ లోపాలను కూడా దిద్దవచ్చు. ముందుగా తెలియాల్సింది పెట్టె ముఖం వెడల్పు చేసే పని. సన్నని శబ్దాలు ముఖం మీద నుంచి ముందుకే పోతాయి. లావు శబ్దాల తరంగాలు పెట్టె కన్నా పెద్దవి, అవి దాన్ని చుట్టుకుని వెనక్కీ పోతాయి. అంటే బేస్‌లో కొంత భాగం వినేవారికి అందదు. 115ను మీటర్లలో ముఖం వెడల్పుతో భాగిస్తే ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. 23 సెంటీమీటర్ల పెట్టెకు అది 500 హెర్ట్జ్. సిద్ధాంతం ప్రకారం నష్టం 6 డెసిబెల్స్. గోడ దగ్గర పెట్టిన స్పీకర్‌కు గోడే కొంత తిరిగి ఇస్తుంది కాబట్టి 3, 4 డెసిబెల్స్ దిద్దితే చాలు. ఒక ఆప్-ఆంప్, మూడు నాలుగు భాగాలు ఈ పని చేస్తాయి. పెట్టె లేకుండా ఒట్టి పలక మీద డ్రైవర్లు బిగించే ఓపెన్ బ్యాఫిల్ స్పీకర్లలో ఈ దిద్దుబాటు ఇంకా పెద్దది. ముందు, వెనకల ధ్వని ఒకదాన్నొకటి చంపుకోవడం వల్ల ఆక్టేవ్‌కు 6 డెసిబెల్స్ చొప్పున బేస్ జారిపోతుంది. 2018లో మరణించేవరకు లింక్‌విట్జ్ మక్కువపడిన రకం ఇదే. ఆయన డిజైన్ చేసిన ఒరాయన్ స్పీకర్‌లో అనలాగ్ ప్రాసెసర్ బోర్డు లేకపోతే స్పీకరే లేదు.

ఆయన పేరుతోనే ఉన్న మరో సర్క్యూట్ లింక్‌విట్జ్ ట్రాన్స్‌ఫార్మ్. మూసిన పెట్టెలోని వూఫర్ 60 హెర్ట్జ్ కింద జారిపోతుంటే, దానికి సరిగ్గా ఎదురు వంపు ఇచ్చి 30 వరకు దింపుతుంది. వినగానే ఉచితంగా బేస్ దొరికినట్టు అనిపిస్తుంది. ఖర్చు లెక్క వేస్తే సంగతి బయటపడుతుంది: 12 డెసిబెల్స్ ఎక్కువ, అంటే యాంప్లిఫయర్ నుంచి 16 రెట్ల పవర్. అదే గట్టిదనంతో సగం ఫ్రీక్వెన్సీ పలకాలంటే కోన్ నాలుగు రెట్లు కదలాలి. ఆరున్నర అంగుళాల వూఫర్‌కు అది చేటు. పెద్ద వూఫర్, పొడవైన కదలిక ఉన్నచోటే ఈ సర్క్యూట్ అందం.

అనలాగ్ బలహీనత బయటపడేది ఆలస్యం దగ్గర. వూఫర్ కోన్ లోతుగా ఉంటుంది, ట్వీటర్ ముఖం మీదే ఉంటుంది. వాటి మధ్య 5 సెంటీమీటర్ల తేడా ఉన్నా 2,000 హెర్ట్జ్ దగ్గర 105 డిగ్రీలు పక్కకు పోయినట్టే. ట్వీటర్‌ను కొంచెం ఆలస్యం చేయాలి. బలాన్ని మార్చకుండా ఫేజ్‌ను మాత్రమే తిప్పే ఆల్-పాస్ దశలు ఇందుకు వాడతారు. 5.6 కిలో ఓమ్, 4.7 నానోఫారడ్‌తో చేసిన దశ ఒక్కోటి 50 మైక్రోసెకన్లకు కొంచెం అటూఇటూ ఆలస్యం ఇస్తుంది, మూడు కలిస్తే ఆ 5 సెంటీమీటర్లకు సరిపోతాయి. డిజిటల్ ప్రాసెసర్‌లో ఇదే పనికి ఒక అంకె టైపు చేస్తే చాలు. పంపకం ఎక్కడ ఉండాలో ఇంకా తేలని స్పీకర్‌కు డిజిటలే మేలు, గంటలో పది రకాలు వినవచ్చు. అన్నీ తేలిపోయిన స్పీకర్‌కు అనలాగ్ పెట్టె నిక్షేపంలా పనిచేస్తుంది. దానికి సాఫ్ట్‌వేర్ పాతబడటం లేదు, ఇరవై ఏళ్ల తర్వాత పోయినా ఐసీ మార్చుకుంటే మళ్లీ పలుకుతుంది.

మీటరు, మైకు

బోర్డు పూర్తయ్యాక సాకెట్లలో ఐసీలు గుచ్చకుండా కరెంటు ఇవ్వాలి. ప్రతి సాకెట్‌లో 8వ కాలి దగ్గర ప్లస్ 15, 4వ కాలి దగ్గర మైనస్ 15 కనిపించాలి. తర్వాత ఐసీలు గుచ్చి ప్రతి అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవాలి. కొన్ని మిల్లీవోల్టులుంటే సరే. వోల్టులుంటే ఎక్కడో టంకం తెగింది, లేదా ఐసీ తిరగబడింది. ఫోన్‌లోని టోన్ జనరేటర్‌తో 2,000 హెర్ట్జ్ ఇస్తే రెండు అవుట్‌పుట్‌లలోనూ సగం వోల్టేజీ రావాలి. చవక మల్టీమీటర్లు ఏసీని 400 హెర్ట్జ్ దాటాక తప్పుగా చూపిస్తాయి, ఈ కొలతకు కంప్యూటర్ సౌండ్‌కార్డ్ నమ్మదగింది. రెండు అవుట్‌పుట్‌లనూ చెరో 10 కిలో ఓమ్ ద్వారా ఒకచోట కలిపి చూస్తే, కింది నుంచి పైదాకా గీత సమంగా ఉండాలి.

ఇంతవరకు తేలింది సర్క్యూట్ సంగతి. స్పీకర్ సంగతి మైకు చెప్పాలి. డ్రైవర్లకూ సొంత వాలు ఉంటుంది. ట్వీటర్ తనంతట తానే 1,000 హెర్ట్జ్ దగ్గర జారడం మొదలుపెడితే, సర్క్యూట్ 24 డెసిబెల్స్, డ్రైవర్ జారుడు కలిసి వాలు ఇంకా నిటారవుతుంది, ఫేజ్ కూడా తప్పుతుంది. లింక్‌విట్జ్-రైలీ వాలు ఉండాల్సింది గాలిలో, బోర్డు మీద కాదు. చాలా ఇంటి క్రాసోవర్లు తప్పేది ఈ చోటే. సర్క్యూట్ శుద్ధంగా ఉంటుంది, ధ్వనిలో గుంట పడుతుంది. కొలత మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ గుంట కళ్లకు కనబడుతుంది. స్పీకర్‌ను గది మధ్యలో ఎత్తుగా పెట్టి, మీటరు దూరం నుంచి కొలిస్తే గోడల ప్రభావం తగ్గుతుంది.

డ్రైవర్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. ట్వీటర్ తీగలు తలకిందులు చేసి కొలవాలి. రెండూ ఒకే అడుగు వేస్తున్నట్టయితే ఇప్పుడు సరిగ్గా ఎదురెదురు నిలుస్తాయి, 2,000 హెర్ట్జ్ దగ్గర లోతైన, ఇరువైపులా సమమైన గుంట కనిపిస్తుంది. గుంట పక్కకు జరిగినా, లోతు లేకపోయినా ఆలస్యం దశలో మార్పు చేయాలి. అది కుదిరాక తీగలు మళ్లీ మామూలుగా కలిపి, ట్వీటర్ పాట్ తిప్పి బలం సరిచేస్తారు. 87 డెసిబెల్స్ వూఫర్‌తో 91 డెసిబెల్స్ ట్వీటర్ జత కలిపినప్పుడు, రెండు యాంప్లిఫయర్ల గెయిన్ ఒకటే అయితే, 4 డెసిబెల్స్ తగ్గించడం దగ్గర మొదలుపెట్టవచ్చు. ఈ పాట్ ఫిల్టర్ తర్వాత ఉండాలి. అప్పుడు సిగ్నల్‌తో పాటు ఐసీల బుస కూడా తగ్గుతుంది.

యాంప్లిఫయర్‌కూ ట్వీటర్‌కూ మధ్య ఏమీ ఉండదన్నది సిద్ధాంతం. ఆచరణలో స్విచ్ వేసినప్పుడు వచ్చే ‘ధబ్’, పొరపాటున కేబుల్ మారిపోవడం, యాంప్లిఫయర్ చెడి డీసీ రావడం, వీటిలో ఏ ఒక్కటైనా ట్వీటర్‌ను క్షణంలో కాల్చేస్తుంది. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు వరసలో 47 మైక్రోఫారడ్‌ల నాన్-పోలార్ కండెన్సర్ పెడితే అది దాదాపు 420 హెర్ట్జ్ కింద దారి మూసేస్తుంది, 2,000 దగ్గరి పంపకాన్ని దాదాపుగా తాకదు. స్విచ్ వేసేటప్పుడు ముందు క్రాసోవర్, తర్వాత యాంప్లిఫయర్లు. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్లు, చివర క్రాసోవర్.